మందుల సంచిలో ఒక సూది కూడా పెట్టండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ బాధ్యులకు, అవయవ మార్పిడి చేసే ఆస్పత్రుల డాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఓ చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుకునే పంతుల్ని నేను. ఆరేళ్ల కింద మా అమ్మ తన కిడ్నీ ఒకటి నాకిచ్చింది. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వమే భరించింది. నెలనెలా మందులూ ప్రభుత్వమే ఇస్తోంది. ఆ మేలు మరిచి ఈ ఉత్తరం రాయడం లేదు, అది నీళ్లపాలు కాకూడదనే రాస్తున్నాను.

అడిగేది చిన్నదే. అవయవ మార్పిడి అయిన ప్రతి మనిషికీ, వాళ్లతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లకూ ఏడాదికోసారి ఫ్లూ టీకా ఉచితంగా వేయించండి. ఇదే మాట రెండేళ్లలో మూడు అర్జీల్లో రాసిచ్చాను. మొదటిదానికి రసీదు ముక్క వచ్చింది. రెండోదానికి ‘సంబంధిత విభాగానికి పంపాం’ అన్న జవాబు వచ్చింది. ఆ విభాగం ఏదో ఇప్పటికీ తెలియదు. మూడోదానికి అదీ లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మా బతుకు ఎట్లా నడుస్తుందో నాలుగు మాటల్లో చెప్తాను. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో అలారం మోగుతుంది. పాఠం మధ్యలో మోగితే పిల్లలే “సార్, గోలీ” అని గుర్తు చేస్తారు. ట్యాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్. ఈ మూడూ కలిసి ఒంట్లోని కాపలాదారులను సగం నిద్రలో ఉంచుతాయి. లేకపోతే వాళ్లు అమ్మ కిడ్నీని పరాయిదనుకుని మీదపడతారు. కాపలా నిద్రపోతే దొంగకు సులువు కదా. పిల్లాడికి మూడు రోజుల జలుబుగా వచ్చి పోయేది మాకు న్యుమోనియాగా దిగుతుంది. పైగా స్టెరాయిడ్ వాడకం వల్ల జ్వరం కూడా సరిగా పైకి కనబడదు. థర్మామీటర్ 99 చూపిస్తుంది, లోపల ఊపిరితిత్తులు నిండిపోతుంటాయి.

ఇది నా ఊహేమీ కాదు. అమెరికా, కెనడా, స్పెయిన్‌లలోని 20 మార్పిడి కేంద్రాల్లో 2010 నుంచి ఐదేళ్ల పాటు ఫ్లూ సోకిన 616 మంది మార్పిడి రోగులను గమనించి వైద్యులు లెక్క తీశారు. మూడింట రెండొంతుల మంది ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. నూటికి 11 మంది ఐసీయూకు వెళ్లారు. ఆ ఏడాది టీకా వేయించుకున్నవాళ్లలో న్యుమోనియా, ఐసీయూ అవసరం రెండూ తక్కువగా కనిపించాయి. జబ్బు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఫ్లూ మందు పడ్డవాళ్లు మెరుగ్గా బయటపడ్డారు. టీకా మా ఒంట్లో మామూలు మనిషి ఒంట్లో పనిచేసినంతగా పనిచేయదు, నిజమే. మైకోఫెనోలేట్ వాడేవాళ్లకు యాంటీబాడీలు తక్కువగానే తయారవుతాయి. కానీ చిల్లు గొడుగైనా లేని దానికన్నా నయమని వానలో నిలబడ్డవాడికి తెలుసు.

ఇక నాకు ఎదురైన సంగతులు.

మార్పిడి తర్వాత రెండో ఏట ఫాలోఅప్‌కు వెళ్లినప్పుడు ఓపీలో ఓ జూనియర్ డాక్టరమ్మ చీటీ కింద చిన్న అక్షరాల్లో ‘ఫ్లూ టీకా – ఏటా’ అని రాసింది. అంతకు ముందు ఆ మాట నాకెవరూ చెప్పలేదు. మందులిచ్చే కౌంటర్లో చీటీ చూపిస్తే ఇది ప్యాకేజీలో లేదన్నారు. మా ఊళ్లో మెడికల్ షాపతను, “సార్, ఒక్కదాని కోసం హైదరాబాద్ నుంచి తెప్పియ్యలేను. అయిదు తీస్కుంటానంటె చెప్పుండ్రి” అన్నాడు. ఒక్కోటి దగ్గర దగ్గర 1,800. నా జీతం 14,000.

చివరికి నేనే హైదరాబాద్ వెళ్లి ఒకటి కొన్నాను. షాపువాళ్లు చల్లగా ఉంచమన్నారు. స్టీలు టిఫిన్ డబ్బాలో ఐస్ ముక్కలు పోసి, మధ్యలో టీకా అట్టపెట్టె పెట్టి, తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. మూడు గంటల ప్రయాణం. దారి పొడుగునా డబ్బా తడుముతూనే ఉన్నాను, చల్లగా ఉంటే సంబరపడ్డాను. పీహెచ్‌సీకి వెళ్తే అక్కడి సిస్టరమ్మ డబ్బా మూత తీసి, సిరంజి చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. “ఐసుకు ఆనిచ్చి పెట్టిండ్రా సార్? గడ్డ కడితే ఇది పనికిరాదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల్లనే ఉండాలె. అయినా ఇది మా రిజిస్టర్‌ల లేదు. ఏస్తే రేపు ఏమన్నా అయితే నాకు మాటొస్తది” అంది. ఆమెను తప్పుపట్టను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పసిపిల్లల టీకాలను ఐసు తగలకుండా ఎట్లా కాపాడాలో ఆమెకు తెలుసు, లెక్కల పంతులుకు తెలియదు. 1,800 రూపాయలు చెత్తబుట్టలో పడ్డాయి. ఆ ఏడు టీకా లేకుండానే గడిచింది, నా అదృష్టం.

నా పక్క బెడ్ తమ్ముడికి ఆ అదృష్టం లేదు. డయాలసిస్ రోజుల్లో మూడేళ్లు ఇద్దరం ఒకే షిఫ్టు. ఆటో నడిపేవాడు. చనిపోయినవాళ్ల అవయవాలను వరుస ప్రకారం కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని నాలుగేళ్లు ఎదురుచూస్తే, బ్రెయిన్ డెడ్ అయిన ఓ మనిషి కిడ్నీ వచ్చింది. రెండేళ్లు బాగున్నాడు, మళ్లీ ఆటో తీశాడు. ఓ ఆగస్టులో ఒళ్లునొప్పులు, దగ్గు. జ్వరం పెద్దగా లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ నాలుగు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాడు. ఐదో రోజు ఆయాసం. పెద్దాస్పత్రికి చేరేసరికి హెచ్1ఎన్1, అంటే స్వైన్ ఫ్లూ అని తేలింది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఒళ్లు వైరస్‌తో పోరాడాలంటే కిడ్నీని కాపాడే మందులు తగ్గించక తప్పలేదు. మనిషి దక్కాడు, కిడ్నీ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ వారానికి మూడుసార్లు అదే మిషన్, అదే షిఫ్టు. చూడటానికి వెళ్తే నాతో ఒకే మాటన్నాడు: “అన్నా, ఎవరో సచ్చిపోయినాయనది నా చేతుల పెట్టిండ్రు. నిలబెట్టుకోలేకపోయిన.”

టీకా వేయించుకుని ఉంటే ఇది జరిగేదే కాదని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ వేయించుకోమని అతనికి చెప్పినవాడే లేడన్నది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

ఈ పరిస్థితి వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా రాస్తాను.

1. ప్రజల డబ్బే వృథా అవుతోంది. ఒక కిడ్నీ మార్పిడికి లక్షలు, ఆ తర్వాత జీవితాంతం మందులు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మాలాంటి వాళ్లకు కొత్త దారి చూపింది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. సంతోషం. అంత పెట్టి నిలబెట్టిన కిడ్నీ రెండు వేలు కూడా లేని సూది పడకపోవడం వల్ల పాడైపోతే, మళ్లీ డయాలసిస్ ఖర్చు ఎవరి మీద పడుతుంది? ఐసీయూ బిల్లు ఎవరు కడతారు? లెక్కల పంతుల్ని కాబట్టి ఓ లెక్క కట్టాను. రాష్ట్రంలో మార్పిడి అయినవాళ్లు పది వేల మంది అనుకుందాం. ఒక్కొక్కరి ఇంట్లో ఇంకో ముగ్గురు. మొత్తం 40,000 టీకాలు. టోకున కొంటే ఒక్కోటి వెయ్యికి వచ్చిందనుకున్నా నాలుగు కోట్లు. ఇందులో ఏ అంకె తప్పయినా సరిదిద్దండి, అసలు అంకెలు మీ దగ్గరే ఉన్నాయి. ఏ అంకె పెట్టినా చివరి జవాబు పెద్దగా మారదు.

2. దాతకు అన్యాయం జరుగుతోంది. ఏటా ఆగస్టు 3న అవయవదాన దినోత్సవం చేస్తున్నాం. దాతల కుటుంబాలకు శాలువాలు కప్పి దండం పెడుతున్నాం. కప్పాల్సిందే. కానీ ఆగస్టంటే మన దగ్గర వానలు, ఫ్లూ కలిసి నడిచే నెల. అదే రోజున ఆ దాత కిడ్నీనో కాలేయాన్నో మోస్తున్న మనిషి ఏ వార్డులో దగ్గుతున్నాడో అడిగేవాళ్లు లేరు.

3. తప్పుడు మాటలు నిజాల్లా చెలామణి అవుతున్నాయి. ‘మార్పిడి అయినవాళ్లకు టీకాలు పడవు, కిడ్నీ రిజెక్ట్ అవుతుంది’ అని నాకు స్వయంగా ఒక డాక్టరే చెప్పారు. ప్రాణమున్న వైరస్‌తో చేసే టీకాలు మాకు పనికిరావు. ముక్కులో కొట్టే ఫ్లూ టీకా, అమ్మవారి టీకా, తట్టు టీకా లాంటివి ఆ కోవలోకి వస్తాయి. చేతికి వేసే ఫ్లూ సూది వేరు. అందులో చచ్చిన వైరస్ ముక్కలే ఉంటాయి, దానివల్ల ఫ్లూ రాదు. దానివల్ల రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టడం, పెరుగుతుందని అధ్యయనాల్లో తేలలేదు. ఈ తేడా ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి ప్రతి ఓపీ గోడకు అంటించడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

4. ఇంట్లోవాళ్లే మాకు ముప్పవుతున్నారు. నాకు ఫ్లూ ఎక్కడినుంచి వస్తుంది? బడి నుంచి, బస్సు నుంచి, ఎక్కువగా నా ఇద్దరు పిల్లల నుంచి. వాళ్లకు దగ్గొస్తే మా ఆవిడ నన్ను ముందు గదిలోకి తరిమి తలుపేస్తుంది. చిన్నది తలుపు కింది సందులోంచి బొమ్మలు గీసిన కాగితాలు తోస్తుంది. మా ఒంట్లో టీకా సగమే పనిచేస్తుంది కాబట్టి, మిగతా సగం కాపలా చుట్టూ ఉన్నవాళ్ల ఒంట్లోనే ఉండాలి. ఒక్క నాకు కొనడమే గగనమైతే నలుగురికీ ఏం పెట్టి కొనాలి?

5. మందు ఉన్నా సమయానికి పడటం లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ ఫ్లూ రోగులను ఎ, బి, సి అని విభజించింది. కిడ్నీ, కాలేయ జబ్బులున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు ముప్పు ఎక్కువున్న బి రకంలోకి వస్తారు. వీళ్లకు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెట్టవచ్చు. ఆర్‌ఎంపీకి ఈ సంగతి తెలియదు. అది అతని తప్పు కాదు, మా చేతిలోనే ఆ మాట రాసిన కార్డు లేదు.

2015 మొదట్లో హైదరాబాద్ ఆస్పత్రుల ముందు స్వైన్ ఫ్లూ వరుసలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ ఏడాది దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. మహారాష్ట్ర ఆ దెబ్బకు మేలుకుని గర్భిణులకు, షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఫ్లూ టీకా మొదలుపెట్టింది. మన దగ్గర కూడా ఇది తెలియని పనేం కాదు. హజ్‌కు వెళ్లే వృద్ధులకు ఫ్లూ టీకా వేసే పంపుతున్నారు. మంచి పని. అంటే కొనడం, దాచడం, వేయడం అన్నీ మన యంత్రాంగానికి వచ్చు. డయాలసిస్ మొదలుపెట్టగానే నాకు హెపటైటిస్ బి టీకా రెట్టింపు డోసులో నాలుగుసార్లు వేశారు. ఆ ఫ్రిజ్ అక్కడే ఉంది, ఆ సిస్టర్లు అక్కడే ఉన్నారు. అదే ఫ్రిజ్‌లో ఇంకో అట్టపెట్టెకు చోటు దొరకదా?

మా డిమాండ్లు ఇవి.

1. మార్పిడి తర్వాత నెలనెలా ఇచ్చే మందుల ప్యాకేజీలోనే ఏడాదికో ఫ్లూ టీకా చేర్చి జీవో ఇవ్వండి. కిడ్నీతో పాటు కాలేయం, గుండె, ఊపిరితిత్తులు, ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్లందరికీ అది వర్తించాలి. కొత్త పథకం, కొత్త పేరు, కొత్త కార్డు వద్దు.

2. ఒకే రేషన్ కార్డులో ఉన్న కుటుంబ సభ్యులకు కూడా వేయండి. మార్పిడి వార్డుల్లో, డయాలసిస్ కేంద్రాల్లో పనిచేసే సిస్టర్లకు, వార్డుబాయ్‌లకు, ఊడ్చే అమ్మలకు ముందుగా వేయండి.

3. టీకా వేసే కాలం ముఖ్యం. ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు చెబుతుంది: ఉత్తరార్ధ గోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధ గోళానికి సెప్టెంబర్‌లో. మన దేశం మ్యాపులో ఉత్తరాన ఉన్నా, మన ఫ్లూ ఎక్కువగా వానలతోనే వస్తుంది, చలికాలం చివర మరోసారి తల ఎత్తుతుంది. సూది పడ్డాక రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కాబట్టి రోహిణి కార్తె మొదటి ఎండల్లోనే సూది పడాలి, మృగశిర వచ్చేసరికి ఒళ్లు సిద్ధంగా ఉండాలి. దీనికి టెండరు చలికాలంలోనే పిలవాలి. ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక ఫైలు కదిలి, అక్టోబర్‌లో టీకాలు వచ్చి, ఫొటో దిగి, మార్చిలో గడువు తీరి పారేసే తంతు మాకొద్దు. చలికాలపు అల కోసం రెండో డోసు అవసరమా అన్నది నిపుణుల కమిటీ తేల్చాలి. అమెరికాలో 2024 నుంచి అవయవ మార్పిడి అయిన పెద్దలకు ఎక్కువ మోతాదు టీకాను కూడా అనుమతించారు. అదీ ఆ కమిటీ చూడాలి.

4. జిల్లా ఆస్పత్రిలోనే వేయండి. సూది కోసం హైదరాబాద్ దాకా రప్పించొద్దు. పీహెచ్‌సీ సిస్టరమ్మకు ‘నాకు మాటొస్తది’ అన్న భయం పోవాలంటే ఆమె రిజిస్టర్లో ఒక కాలమ్, ఆమె చేతికి ఒక ఉత్తర్వు కావాలి. అంతకు మించి ఆమె అడగలేదు.

5. ఆపరేషన్ అయి డిశ్చార్జి చేసే రోజునే ప్రతి రోగికి ఒక టీకా కార్డు ఇవ్వండి. మార్పిడి తర్వాత సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకు, ఫ్లూ ముమ్మరంగా ఉంటే ఒక నెల తర్వాతైనా సూది వేయవచ్చని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎప్పుడు వెయ్యాలో తేదీతో సహా రాసివ్వండి. కార్డు వెనక తెలుగులో పెద్ద అక్షరాల్లో ఇలా ఉండాలి: ‘నాకు అవయవ మార్పిడి అయింది. దగ్గు, ఒళ్లునొప్పులు ఉంటే జ్వరం లేకపోయినా ఫ్లూ అనుమానించండి. 48 గంటల్లో మందు మొదలుపెట్టండి. నా ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి.’ ఆ కార్డు ఆర్‌ఎంపీ ముందు పెడితే చాలు, పక్క బెడ్ తమ్ముడికి పోయిన నాలుగు రోజులు ఇంకొకరికి పోవు.

6. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందే టీకాలు వేయండి. అప్పుడు ఒంట్లో శక్తి ఇంకా మేలుకుని ఉంటుంది, టీకా బాగా పడుతుంది. ఫ్లూతో పాటు న్యుమోనియా టీకా కూడా.

డాక్టర్లకు విడిగా ఒక మాట. మీ ఓపీ రద్దీ నాకు తెలుసు. పొద్దున ఎనిమిదికి టోకెన్ తీసుకుంటే నా వంతు మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. మీరు కిడ్నీ ఎట్లా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ చూస్తారు, మందుల మోతాదు చూస్తారు, మూడు నిమిషాల్లో ఇంకో మనిషి లోపలికి వస్తాడు. ఆ మూడు నిమిషాల్లో ‘ఈ ఏడు ఫ్లూ సూది పడిందా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. మీ నోటి నుంచి వస్తే మేం అప్పు చేసైనా వేయించుకుంటాం. మా అమ్మ అయితే మీ మాటను దేవుడి మాట కింద లెక్కవేస్తుంది, ఆ తర్వాత నన్ను నిద్రపోనివ్వదు.

ఆంధ్రప్రదేశ్ అధికారులూ ఇది చదువుతారని ఆశ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, మార్పిడి దాకా రాగలిగిన కొద్దిమందికి కూడా ఇదే సూది, ఇదే కార్డు కావాలి.

ఈ లేఖ ప్రతిని, రసీదు ముక్కను జతచేసి, మళ్లీ అదే కార్యాలయంలో ఇస్తున్నాను. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. కాదంటే కారణంతో కాదని రాయండి. దాన్ని మా వాట్సాప్ గ్రూపులోని మార్పిడి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు చదివి వినిపించి, అందరం కలిసి సమాచార హక్కు కింద మిగతా కాగితాలు అడుగుతాం. ఔనంటే, వచ్చే రోహిణి కార్తెలో మీ జిల్లా ఆస్పత్రి వరుసలో మొదట నిలబడేది నేనే. అప్పటిదాకా టిఫిన్ డబ్బా కడిగి అటక మీదే ఉంచుతున్నాను. ఈసారి ఐసుకు, టీకాకు మధ్య పాత న్యూస్‌పేపర్ మడిచి పెట్టాలని నేర్చుకున్నాను.

ఇట్లు,
అమ్మ కిడ్నీతో నడుస్తున్న ఒక లెక్కల పంతులు,
ఉమ్మడి నల్లగొండ జిల్లా